స్పీకరులో చెప్పిన జవాబు

పిన్నికి జ్వరం తగిలిన దగ్గర్నుంచి మేం తలుపుకి చెరోవైపు నిలబడి మాట్లాడుకుంటున్నాం. వెనక గదిలో పిన్ని, బయట నేను. కంచం గడప దగ్గర పెట్టి నేను వంటింటి దాకా వెనక్కి జరిగితే, అప్పుడు తలుపు తీసి తీసుకునేది. దగ్గు వినిపించినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసేదాన్ని. చాలాసేపు వినిపించకపోతే ఇంకా భయం వేసేది. వెళ్లి తలుపు తట్టేదాన్ని.

"బతికే ఉన్నానే, తలుపు విరగ్గొట్టకు," అనేది లోపల్నుంచి.

పిన్ని పని, ఇళ్లల్లో కరెంటు ఎలా వాడుతున్నారో అడిగి తెలుసుకోవడం. మామూలు రోజుల్లో భుజాన సంచి తగిలించుకుని గడపగడపా తిరిగేది. జబ్బు భయంతో వీధులు మూతపడ్డాక ఆ తిరుగుడంతా ఫోనులోకి వచ్చేసింది. జనమంతా ఇళ్లల్లోనే ఉండటంతో ఒక పేటలో కరెంటు వాడకం ఎక్కువైపోయి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. బాగుచేస్తే మళ్లీ కాలింది. ఇక రోజూ రెండు గంటలు దానికి విశ్రాంతి ఇవ్వాలని కరెంటు ఆఫీసువాళ్లు అనుకున్నారు. ఏ రెండు గంటలు తీసేస్తే ఆ పేటవాళ్లకి తక్కువ ఇబ్బందో పిన్ని చెప్పాలి. ఆమె చెప్పిన వేళకి వాళ్లు తీసేస్తారు.

సగం ఇళ్లు మిగిలి ఉండగా పిన్ని మంచం ఎక్కింది. ఆఫీసు ఫోను ముందు గదిలోనే ఉండిపోయింది. సెలవులకని వచ్చి, బస్సులు ఆగిపోయి ఇక్కడ చిక్కుకున్న నేనూ ముందు గదిలోనే ఉన్నాను.

"నావల్ల కాదు పిన్నీ," అన్నాను తలుపుతో. మా ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది పక్క పిల్లకి కూడా వినిపించేది కాదు. రెండుమూడుసార్లు నేను వచ్చి కూడా రాని లెక్కలో పడ్డాను.

"మాట్లాడేవాళ్లు నాకెందుకే నత్తగుల్లా, వినేవాళ్లు కావాలి. ప్రశ్న రాసింది రాసినట్టు అడుగు. వాళ్ల నోట్లో నువ్వు మాట పెట్టకు. అడిగాక రెండు ఊపిరులు తీసుకునేదాకా ఆగు. ఎదుటివాళ్లు ఊరుకుంటే జనం తట్టుకోలేరు, మిగిలిందేదో వాళ్లే చెబుతారు. రాసుకున్నది చదివి వినిపించు. వాళ్లు సరే అంటేనే అది జవాబు. ఇంకోటి, ఎవరింట్లో ఏం విన్నా నీ కడుపులో ఉండాలి. ఆఫీసుకి కూడా పేర్లు ఇవ్వం. ఆ మాట ముందే చెప్పు వాళ్లకి."

వంటింట్లోంచి బాబాయి గొంతు వినిపిస్తోంది. ఆయన లెక్కల మాస్టారు. పంచదార డబ్బాకి పాత లాప్‌టాప్ ఆనించి పాఠం చెబుతున్నాడు. "వినపడుతోందా? అందరికీ వినపడుతోందా? ఎవరో ఒకరు చెప్పండర్రా, గోడకి చెబుతున్నట్టుంది నాకు."

మొదటి ఫోను చేసేముందు మంచినీళ్లు తాగాను. నంబరు నొక్కి మళ్లీ నీళ్లు తాగాను.

ఎత్తినాయన కారు నడపడం నేర్పే మాస్టారట. నా మాట పూర్తవకముందే, "కరెంటా? వాడితేగా! మా ఆవిడ మొహమే మాకు వెలుగు," అన్నాడు.

"బిల్లొచ్చినప్పుడు తెలుస్తుందిలెండి ఎవరి మొహమో," అంది వెనకనుంచి ఆవిడ. ఇంకా వెనక పిల్లలు నవ్వారు.

ఆ నవ్వుతో నాకు అర్థమైంది, ఫోను స్పీకరులో ఉంది. తర్వాత చేసిన ఇల్లూ అంతే, ఆ తర్వాతదీ అంతే. ఇంటిల్లిపాదీ బయటికి కదల్లేక కూర్చున్నారు. ఎవరో ఫోను చేసి మీ ఇంట్లో ఫ్యాన్లెన్ని, బల్బులెన్ని అని అడుగుతుంటే అదొక కాలక్షేపం. ఫోను మధ్యలో పెట్టుకుని చుట్టూ చేరుతున్నారు. ఒకరు చెబుతారు, ఒకరు దిద్దుతారు, ఒకరు ఎగతాళి చేస్తారు. చివరికి ఇంట్లో పెద్దాయన ఏది అంటే అది జవాబు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తీసేస్తే ఏమీ ఫరవాలేదని, ఆ వేళ అందరం కునుకు తీస్తామని, వరసగా అన్ని ఇళ్లూ ఒకే మాట.

సులువుగా అయిపోతోందని సంతోషించాను కూడా. అప్పుడు స్టేషన్ మాస్టరుగారి ఇల్లు వచ్చింది. రిటైరైన మనిషి, కొడుకు వేరే ఊళ్లో ఆగిపోయాడు, ఇంట్లో ఆయనా కోడలే అని పిన్ని ముందే చెప్పింది.

కోడలు ఎత్తింది. ఆమె హలో వెనక ఏదో మిషను ఆడుతోంది. గుర్రుమని ఒకసారి, తుస్సుమని ఒకసారి, ఆగకుండా, ఒకే తీరున. మిక్సీ కాదు, కుట్టుమిషను కాదు.

"కరెంటు సర్వే నుంచండీ," అన్నాను.

"మామయ్యగారూ, సర్వే అట."

"స్పీకరు పెట్టు," అని ఒక పెద్ద గొంతు. టక్కుమని స్విచ్చు చప్పుడు. మిషను ఆగిపోయింది. "ఎవరమ్మాయ్? మొన్న మీటరు ఫొటోలు పంపమని ఇంకో ఆవిడ చేసిందే."

"మా పిన్నండీ. ఒంట్లో బాగోలేదు."

"గట్టిగా మాట్లాడు. నీ గొంతు నమ్ముకుంటే రెండు రైళ్లు గుద్దుకుంటాయి."

పేర్లు ఎవరికీ ఇవ్వం అని చెప్పి, ప్రశ్నలు అడిగాను. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ. అంతే అన్నాడు. మొదట్లో గడగడా చెప్పిన మనిషి పోను పోను మాటలు విరిచి చెప్పసాగాడు.

"మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కరెంటు లేకపోతే మీ ఇంట్లో ఎవరికైనా ఇబ్బందా అండీ?"

"ఏ ఇబ్బందీ... లేదు. రాసుకో. కరెంటు లేని రోజుల్లో... పుట్టినవాళ్లం... మేం."

రెండు ఊపిరులు ఆగాను. నావి రెండు అయ్యేలోపు ఫోనులో ఆయనవి అయిదో ఆరో అయిపోయాయి. కోడలు "మామయ్యగారూ, మరి..." అనబోయింది.

"అంతే. చదివి... వినిపించు."

చదివాను.

"కరెక్టు. పెట్టేయ్."

ఫోను పెట్టేశాక కూర్చోలేకపోయాను. కిటికీ దగ్గరికి వెళ్లాను. ఎదురుగా మూసిన అంగళ్లు, ఖాళీ వీధి. వెనక్కి వచ్చాను. స్విచ్చు టక్కుమనడం, చప్పుడు ఆగడం, ఆయన మాటలు విరగడం, ఇవి మూడూ చెవిలోంచి పోవడం లేదు. పిన్నికి చెప్పాను.

"ఆ ఇంటి లెక్క నాకూ తేలట్లేదు," అంది పిన్ని. ప్రతి ఇంటివాళ్లూ రోజూ పొద్దున మీటరు ఫొటో తీసి పంపుతారు. నోటిమాటకీ మీటరుకీ పొత్తు కుదురుతోందో లేదో ఆమె చూసుకుంటుంది. "రెండు ఫ్యాన్లంటాడు, మీటరేమో ధాన్యం మిల్లులా తిరుగుతోంది. పక్కింటికేమైనా తీగ లాగి ఇచ్చారేమో అనుకున్నా."

ఆ మాట అంటుండగానే ఆఫీసు ఫోను మోగింది. ఎత్తితే ముందు గాలి హోరు, తర్వాత గుసగుస.

"ఇందాకటి అమ్మాయివేనా? నేను, స్టేషన్ మాస్టరుగారి కోడల్ని. బట్టలు తీసుకొస్తానని చెప్పి మేడ మీదకి వచ్చా. మామయ్యగారికి ఆక్సిజన్ మిషనుందమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చాక అది లేకుండా కాసేపు కూడా ఉండలేరు. దాని బ్యాటరీ పావుగంట కూడా రాదు. ఫోను మోగితే చాలు, ఎవరూ వినకూడదని కట్టేసుకుంటారు."

"ఎందుకండీ?"

"తనకి పూర్తిగా తగ్గిపోయిందని ఇల్లుగలాయనకి చెప్పారు. ఇంకా ఇలా ఉందని తెలిస్తే ఖాళీ చేయమంటాడని. జబ్బొచ్చినప్పుడే సామాను సర్దుకోమన్నాడాయన. మధ్యాహ్నం కరెంటు తీయొద్దని రాయి తల్లీ. నేను చెప్పానని మాత్రం రాయకు."

"అక్కా, మరి..."

ఫోను కట్.

తలుపు దగ్గరికి పరుగెత్తి చెప్పేశాను.

"చెప్పేద్దాం పిన్నీ, ఆ ఒక్క ఇంటి సంగతి ఆఫీసుకి."

"ఎవరికీ చెప్పం అని నువ్వే కదే మాటిచ్చావు ఆయనకి?"

"మధ్యాహ్నం వద్దని ఏదో ఒకటి రాసేస్తే?"

"సాయంత్రం తీస్తారు. ఆయనకి సాయంత్రం ఊపిరి అక్కర్లేదా?" పిన్ని దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ అందుకుంది. "ఒక్క నిమిషం కూడా తీయకూడని ఇళ్లుంటే వాటికి పక్క వీధి లైను కలపాలి. కలుపుతామని ఆఫీసు ముందే ఒప్పుకుంది. కానీ ఆ ఇంటివాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పుకోవాలి. దొంగచాటుగా కోడలు ఒకటి చెప్పి, స్పీకరులో మామగారు ఒకటి చెబితే నేనేది పంపను? అదీగాక ఈయన ఒక్కడేనంటావా? అన్ని ఇళ్లూ స్పీకరులోనే చెప్పాయన్నావు."

కునుకు తీస్తామన్న ఇళ్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిలో ఎవరెవరు ఏమనబోయి ఊరుకున్నారో.

"ఎప్పటిలోపు పంపాలి?"

"రేపు సాయంత్రం."

ముందు గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి ముందు గదికి తిరుగుతూనే ఉన్నాను. స్టేషన్ మాస్టరుగారికి మళ్లీ ఫోను చేస్తే మళ్లీ మిషను కట్టేసుకుంటాడు. నేను అడిగేకొద్దీ ఆయనకి ఊపిరి ఆగుతుంది. ఇదేం అడగడం?

"ఎందుకే అలా పొయ్యి మీద పాలలా పొంగుతావు, ఒకచోట కూర్చో," అన్నాడు బాబాయి, పాఠం మధ్యలో. తర్వాత లాప్‌టాప్ వైపు తిరిగి, "అర్థమైందా? ఎవరూ పలకరేం? సరే, అందరి ముందూ అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గయితే నాకో మిస్డ్ కాల్ ఇవ్వండి. నేను ఎత్తను, ఎవరని అడగను. ఎన్ని వచ్చాయో చూసుకుని మళ్లీ చెబుతా."

పక్కనున్న ఆయన ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఇక వరసపెట్టి మోగుతూనే ఉంది.

"ఓరి మీ తెలివి మండా! ఒక్కడికీ అర్థం కాలేదా?" అన్నాడు బాబాయి.

నేను అప్పటికే పిన్ని తలుపు దగ్గరున్నాను.

"బాగుంది," అంది పిన్ని అంతా విని. వెంటనే, "కానీ అందరూ ఇస్తారే. కరెంటు పోవాలని ఎవరికుంటుంది?" అంది.

"ఇచ్చినవాళ్లని రేపు రెండింటికోసారి, నాలుగింటికోసారి మీటరు ఫొటో పంపమందాం. మిషను ఏదైనా నిజంగా ఆడుతుంటే మీటరు కదులుతుంది. ఊరికే ఇచ్చినవాళ్లది కదలదు."

తలుపు అవతల ఏదో చప్పుడైంది. పిన్ని మంచం దిగి తలుపు దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుంది. గొంతు బాగా దగ్గరగా వినిపించింది.

"నీ గొంతుతోనే చెప్పి పంపు. అందరికీ. ఆయన ఒక్కడికే పంపినట్టు ఉండకూడదు."

నా గొంతు నేను రికార్డు చేసుకుని వింటే ఎవరో బావిలోంచి మాట్లాడినట్టుంది. చెరిపేశాను. మళ్లీ చెప్పాను, మళ్లీ చెరిపేశాను. చివరికి స్నానాలగది తలుపు వేసుకుని చెప్పింది బాగా వచ్చింది.

"ఇది కరెంటు సర్వే. మీరంతా స్పీకరులో జవాబులిచ్చారు. పదిమందిలో చెప్పలేని మాట ఏదైనా ఉండిపోయి ఉండొచ్చు. కరెంటు ఒక్క నిమిషం కూడా ఆగకూడని అవసరం మీ ఇంట్లో ఉంటే ఈ నంబరుకి మిస్డ్ కాల్ ఇవ్వండి. మేం ఎత్తం. ఎందుకు, ఎవరికి అని అడగం. రేపు రెండింటికీ నాలుగింటికీ మీటరు ఫొటో పంపితే చాలు. మీ పేరు ఎక్కడా ఉండదు."

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. నేను మొహం కడుక్కుని వచ్చేలోపు బాబాయి ఎత్తేశాడు.

"హలో? వినపడుతోందా?"

అవతలివాళ్లు బెదిరి పెట్టేశారు.

"బాబాయ్! ఎత్తం అని చెప్పాం కదా!"

"మోగుతుంటే ఎత్తకుండా ఎలా ఉంటారే మనుషులు?" ఆ తర్వాత ఫోను మోగినప్పుడల్లా ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

నేను అనుకున్నదానికంటే ఎక్కువ ఇళ్లనుంచి వచ్చాయి. కారు నేర్పే మాస్టారు కూడా ఇచ్చాడు. రెండు దాటాక మొదటి ఫొటోలు రావడం మొదలైంది. స్టేషన్ మాస్టరుగారి ఇంటినుంచి మాత్రం ఏదీ రాలేదు. మిస్డ్ కాల్ లేదు, ఫొటో లేదు.

నేనుగా చేయకూడదు. చేస్తే టక్కుమని కట్టేస్తాడు. ఆయన నంబరు తెర మీదకి తెచ్చి చూశాను, తీసేశాను. ఫోను బల్ల మీద పెట్టి గది అవతలికి వెళ్లి నిలబడ్డాను, చేయి నా మాట వినదేమోనని. పిన్ని లోపల్నుంచి "వచ్చిందా?" అంటుంది. నేను "లేదు" అంటాను. మధ్యమధ్యలో వేరే ఇళ్లవి వస్తుంటే పరుగెత్తి చూసి మళ్లీ అవతలికి వెళ్తున్నాను.

నాలుగు కాబోతుండగా ఆ నంబరే మోగింది.

ఎత్తలేదు. ఎత్తం అని మాట ఇచ్చాం. ఆగుతుందనుకుంటే ఆగలేదు. చివరిదాకా మోగి ఆగి, మళ్లీ మొదలైంది. మళ్లీ.

"అది మిస్డ్ కాల్ కాదే, నిన్నే పిలుస్తున్నారు. ఎత్తు," అంది పిన్ని.

ఎత్తాను. గుర్రుమని ఒకసారి, తుస్సుమని ఒకసారి. మిషను ఆడుతోంది. రెండు ఊపిరులు ఆగాను. ఈసారి ఆయనవి కూడా ఇంచుమించు రెండే అయ్యాయి.

"నిన్న పంపిన మాటలు నీవేనా?" అన్నాడు స్టేషన్ మాస్టరుగారు.

"అవునండీ."

"అవి మాత్రం బానే వినపడ్డాయి. ఇప్పుడు నీకేం వినపడుతోంది?"

చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "మీరు చెబితే రాసుకుంటానండీ."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకునేదాకా నేను ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను.

"గట్టిపిండానివే. నిన్న మా కోడలు బట్టలు తెస్తానని మేడ మీదకి వెళ్లింది. తాడు మీద బట్టలే లేవు అప్పుడు. నేనడగలేదు, తనూ చెప్పలేదు. రెండింటికి మీటరు ఫొటో తీసి పెట్టుకున్నా. పంపనా మాననా అని ఇప్పటిదాకా దాన్నే చూస్తూ కూర్చున్నా. స్పీకరు తీసేశాలే. రాసుకో. మా ఇంట్లో కరెంటు ఆగకూడదు."

"మధ్యాహ్నమా అండీ?"

"ఎప్పుడూ."

"నిన్నటి జవాబు చెరిపేయనా అండీ?"

"చెరపకు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన ఇది రాయి. మా స్టేషన్లో ఏదైనా తప్పు రాస్తే అలాగే చేసేవాళ్లం. చెరిపేస్తే నేనేదో మొదట్నుంచీ బుద్ధిమంతుణ్ణని అనుకుంటారు."

రాసుకుని చదివి వినిపించాను. ఆయన వెంటనే సరే అనలేదు. మిషను చప్పుడు మాత్రం వచ్చింది.

"ఇల్లుగలాయనకి..."

"మేం చెప్పమండీ."

"మీ సంగతి కాదు. నేనే ఏదో ఒకటి చూడాలి. ఈ చప్పుడు బయటికి పోకుండా ఎన్నాళ్లని కిటికీలు మూసుకుంటాం, ఉక్కతో ఆ పిల్ల చచ్చిపోతోంది. సరే. నీ జవాబు సరే. పెట్టేయ్. ముందు మీ పిన్నిని చూసుకో."

పెట్టేసి తలుపుకి ఆనుకున్నాను. అవతల పిన్ని కూడా ఆనుకునే ఉంది కాబోలు, తలుపు కొంచెం కదిలింది.

ఫొటోలన్నీ వచ్చాక ఇద్దరం చెరోవైపు కూర్చుని, నేను చదువుతుంటే అంకెలు సరిచూశాం. కారు నేర్పే మాస్టారి మీటరు రెండింటికి ఎక్కడుందో నాలుగింటికి దాదాపు అక్కడే ఉంది. "ఈయన చెప్పింది నిజమేనే, మొహం వెలుగుతోనే బతుకుతున్నారు," అంది పిన్ని. అలాంటివి తీసేసినా ఇంకా కొన్ని ఇళ్లు మిగిలాయి, మీటరు గట్టిగా తిరిగినవి. వాటిలో ఏముందో మాకు తెలియదు. తెలుసుకోలేదు. పేర్లు లేకుండా, ఫలానా స్తంభం నుంచి తీగ వెళ్లే ఇళ్లకి పక్క లైను కలపాలని, అది కలిపేదాకా ఏ వేళా ఎవరికీ కరెంటు తీయొద్దని పిన్ని రాయించింది, నేను పంపాను. చీకటి పడకముందే జవాబు వచ్చింది. రేపు మనుషులు వస్తారట, లైను మార్చాకే మధ్యాహ్నం తీయడం మొదలుపెడతారట. రేపు నిజంగా వస్తారో రారో అని నాకు అప్పుడే మళ్లీ గుబులు మొదలైంది.

"స్టేషన్ మాస్టరుగారి నాలుగింటి ఫొటోలో అంకెలు సరిగ్గా పడ్డాయా?" అనడిగింది పిన్ని.

"పడ్డాయి పిన్నీ."

అంకెలు బాగానే పడ్డాయి. ఆ ఇంటి మీటరు వీధిగుమ్మం బయట, అందరూ నడిచే మెట్ల పక్కన ఉంది. మీటరు అద్దంలో ఫోను పట్టుకున్న ఒక ముసలాయన మసకగా కనిపిస్తున్నాడు. ముక్కు దగ్గర్నుంచి సన్నని గొట్టం ఒకటి భుజం మీదుగా వెనక్కి, తెరిచి ఉన్న తలుపులోకి వెళ్లింది.

ఆయన దాని గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి నేను రాసుకోలేదు.